ఇంటివాళ్లతో ఆకాశంలో అరగంట

విమానం చప్పుడు వినబడితే పిల్లలు వాకిట్లోకి పరుగెత్తుతారు. పెద్దలు కూడా తలెత్తి చూస్తారు. మనకు కనబడేవి ఎక్కువగా పెద్ద విమానాలు. ఒక్కోదానిలో నూట యాభై, రెండు వందల మంది ఎక్కుతారు.

చిన్న విమానాలు కూడా ఉన్నాయి. ఇద్దరు ఎక్కేవి, నలుగురు ఎక్కేవి. వీటిని తేలికపాటి విమానాలు అంటారు. కొన్ని దేశాల్లో మామూలు ఉద్యోగాలు చేసుకునేవాళ్లు కూడా వీటిని నడపడం నేర్చుకుంటారు. సెలవు రోజున ఇంటివాళ్లను ఎక్కించుకుని కాసేపు తిప్పి తీసుకొస్తారు.

ఇది సరదా కోసం చేసే పని. కానీ ఎక్కించుకునేది ఎవరిని? కన్నవాళ్లను, కట్టుకున్నవాళ్లను, పిల్లలను. అందుకే ఆ సరదా వెనక చాలా లెక్క ఉంటుంది. ఆ లెక్క ఏమిటో ఈ పాఠంలో తెలుసుకుందాం.

తండ్రిని ఎక్కించుకున్న కొడుకు

అమెరికాలో ఇద్దరు అన్నదమ్ములు ఉండేవారు. అన్న పేరు విల్బర్ రైట్. తమ్ముడి పేరు ఆర్విల్ రైట్. వాళ్లకు సైకిళ్ల దుకాణం ఉండేది. 1903 డిసెంబరు 17న వాళ్లు ఇంజనుతో నడిచే విమానాన్ని ఎగరేశారు. మనిషి అలా ఎగరడం అదే మొదలు.

వాళ్ల చెల్లెలు కాథరిన్. ఆమె బడిలో పాఠాలు చెప్పేది. 1909లో ఫ్రాన్సు దేశంలో ఆమె కూడా అన్న పక్కన కూర్చుని ఎగిరింది. అంతకు ముందు ఏడాది, ఆ దేశంలోనే మరొక మహిళ విల్బర్ పక్కన కూర్చుంది. ఆ విమానానికి గోడలు లేవు, తలుపులు లేవు. పొడవాటి గౌను గాలికి లేవకుండా ఆమె కాళ్ల దగ్గర తాడుతో కట్టుకుంది.

ఆ అన్నదమ్ముల తండ్రి మిల్టన్ రైట్. ఆయన కొడుకులను ఒక మాట అడిగాడు. ఇద్దరూ ఒకే విమానంలో ఎప్పుడూ ఎక్కవద్దన్నాడు. ఏదైనా జరిగితే ఇద్దరూ పోతారు కదా! కొడుకులు ఆ మాట మన్నించారు.

1910 మే 25న మాత్రం తండ్రి ఒప్పుకున్నాడు. ఆ రోజు అన్నదమ్ములిద్దరూ కలిసి ఎగిరారు. జీవితంలో అదొక్కసారే. తర్వాత ఆర్విల్ తండ్రిని ఎక్కించుకున్నాడు. ఆయనకు అప్పటికి 81 ఏళ్లు. ఏడు నిమిషాలు ఆకాశంలో ఉన్నారు. ఆ ముసలాయన భయపడలేదు. ఇంకా పైకి, ఇంకా పైకి పోనిమ్మన్నాడట.

కొడుకుల మీద నమ్మకం లేక ఆయన ఆ కట్టడి పెట్టలేదు. వాళ్ల మీద ప్రేమ ఉంది కాబట్టే పెట్టాడు. జాగ్రత్త వేరు, భయం వేరు.

చిన్న విమానం ఎలా ఉంటుంది?

ప్రపంచంలో ఎక్కువగా కనబడే చిన్న విమానం సెస్నా 172. దీన్ని 1955లో మొదట ఎగరేశారు. ఇప్పటికి 44 వేలకు పైగా తయారు చేశారు.

దీనికి ఒకటే ఇంజను. ముందు పంకా తిరుగుతుంది. ఒక రెక్క చివర నుంచి రెండో రెక్క చివరకు 11 మీటర్లు. అంటే 12 గజాలు. లోపల కూర్చుంటే చిన్న కారులో కూర్చున్నట్టే ఉంటుంది. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. గంటకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది.

ఇంజను ఆగిపోతే? చాలామంది మొదట అడిగే ప్రశ్న ఇదే. ఇంజను ఆగినా విమానం రాయిలా పడిపోదు. గద్ద రెక్క ఆడించకుండా తేలుతుంది చూడండి. విమానం కూడా అలా తేలుతూ దిగుతుంది. ఒక కిలోమీటరు ఎత్తులో ఉంటే సుమారు 9 కిలోమీటర్ల దూరం తేలగలదు. ఆ లోపల పైలట్ చదునైన చోటు చూసుకుని దించాలి. దానికోసం ముందే సాధన చేస్తారు.

అయినా ఒక నిజం దాచకూడదు. పెద్ద విమానాల కంటే చిన్న విమానాలకు ప్రమాదాలు ఎక్కువ. కాబట్టి జాగ్రత్త కూడా ఎక్కువ కావాలి.

ఎవరు నడపవచ్చు?

ఈ సరదా అమెరికాలో ఎక్కువ. అక్కడ అందరూ వాడుకునే విమానాశ్రయాలు చిన్నవీ పెద్దవీ కలిపి సుమారు 5 వేలు ఉన్నాయి. చాలామంది సొంతంగా విమానం కొనరు. గంట లెక్కన అద్దెకు తీసుకుంటారు.

లైసెన్సు కావాలంటే 17 ఏళ్లు నిండాలి. కనీసం 40 గంటలు ఎగిరి నేర్చుకోవాలి. రాత పరీక్ష ఉంటుంది. నడిపి చూపించే పరీక్ష ఉంటుంది. ఆరోగ్యం బాగుండాలి.

లైసెన్సు చేతికి వస్తే చాలదు. ఇతరులను ఎక్కించుకోవాలంటే మరికొన్ని నియమాలు ఉన్నాయి.

గడిచిన 90 రోజుల్లో కనీసం మూడుసార్లు విమానాన్ని లేపి, దించి ఉండాలి. చెయ్యి అలవాటు తప్పకూడదు.

మందు తాగి 8 గంటలు గడవనిదే విమానం నడపకూడదు. మత్తు దిగకపోతే ఆ తర్వాత కూడా నడపకూడదు.

చుట్టాల దగ్గర, స్నేహితుల దగ్గర కిరాయి తీసుకోకూడదు. పెట్రోలు, అద్దె ఖర్చులు సమానంగా పంచుకోవచ్చు. అంతే.

అక్కడి పైలట్లు సెలవు రోజున పక్క ఊరి విమానాశ్రయానికి ఎగిరిపోయి, తిని వస్తుంటారు. దాన్ని నవ్వులాటగా ‘వంద డాలర్ల బర్గరు’ అంటారు. బర్గరు అంటే మధ్యలో మాంసం ముద్ద పెట్టిన రొట్టె. రొట్టె ఖర్చు కొంచెమే. అక్కడికి వెళ్లిరావడానికి అయ్యే ఖర్చే ఎక్కువ!

బరువు లెక్క

అమెరికాలో ఒక తెలుగు కుటుంబం ఉందనుకుందాం. కోడలు విమానం నడపడం నేర్చుకుంది. ఊరి నుంచి అత్తగారు వచ్చింది. ఆదివారం పొద్దున ఇంటిల్లిపాదీ విమానం ఎక్కాలనుకున్నారు. ముందురోజు రాత్రి కోడలు కాగితం, కలం పట్టుకుని కూర్చుంది.

“అత్తయ్యా, మీ బరువెంత?” అని అడిగింది.

“నా బరువుతో నీకేం పనమ్మా?” అని అత్తగారు నవ్వింది.

“విమానం మోసే బరువుకు హద్దు ఉంటుంది అత్తయ్యా. ఉన్నదున్నట్టు చెప్పాలి. తగ్గించి చెబితే మనకే ముప్పు” అంది కోడలు.

కోడలు వేసిన లెక్క చూడండి.

ఖాళీ విమానం: 765 కిలోలు
నిండుగా పెట్రోలు, 200 లీటర్లు: 144 కిలోలు
కోడలు: 58 కిలోలు
కొడుకు: 82 కిలోలు
అత్తగారు: 64 కిలోలు
మనవడు: 32 కిలోలు
సంచులు: 15 కిలోలు
మొత్తం: 1160 కిలోలు

ఆ విమానం హద్దు 1157 కిలోలు. లెక్క 3 కిలోలు దాటింది.

“మూడు కిలోలే కదా, ఏమవుతుంది?” అన్నాడు కొడుకు.

“మూడుకు ఒప్పుకుంటే రేపు పదికి ఒప్పుకుంటాం. హద్దు హద్దే” అంది కోడలు.

మరి ఏం చేయాలి? అత్తగారిని దించాలా? అక్కర్లేదు. వాళ్లు తిరిగేది అరగంట. ఆ విమానం గంటకు 40 లీటర్ల లోపే తాగుతుంది. అరగంటకు 20 లీటర్లు చాలు. పగటిపూట దిగేసరికి ఇంకో అరగంటకు సరిపడా పెట్రోలు మిగలాలని నియమం. దానికి మరో 20 లీటర్లు. చాలామంది పైలట్లు ఇంకా ఎక్కువే మిగుల్చుకుంటారు. 100 లీటర్లు పోయించుకుంటే ఏ ఇబ్బందీ లేదు. అప్పుడు పెట్రోలు బరువు 72 కిలోలు. మొత్తం 1088 కిలోలు. హద్దు కంటే 69 కిలోలు తక్కువ.

బరువు ఎంత ఉందన్నదే కాదు, ఎక్కడ ఉందన్నది కూడా చూడాలి. ఎడ్లబండి సంగతి మీకు తెలుసు. వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. ముందు బరువు ఎక్కువైతే ఎద్దుల మెడ మీద పడుతుంది. విమానం కూడా అంతే. వెనక బరువు ఎక్కువైతే ముక్కు పైకి లేస్తుంది. అదుపులో ఉండదు. అందుకే ఎవరు ఎక్కడ కూర్చోవాలో లెక్క చూసి చెబుతారు.

ఎండ ముదిరితే గాలి పలచబడుతుంది. అప్పుడు రెక్కలకు పట్టు తగ్గుతుంది. విమానం లేవడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి. పైన కుదుపులు కూడా ఎక్కువ. అందుకే కొత్తవాళ్లను చల్లటి పొద్దుట పూట తీసుకువెళతారు.

వెయ్యిసార్లు ఎగిరినా చదవాల్సిందే

పైలట్ దగ్గర ఒక జాబితా ఉంటుంది. ఎక్కే ముందు ఏమి చూడాలి, ఇంజను వేసే ముందు ఏమి చూడాలి, లేచే ముందు ఏమి చూడాలి అని వరసగా రాసి ఉంటుంది. నిన్ననే ఎగిరినా ఇవాళ మళ్లీ దాన్ని చదవాలి. వెయ్యిసార్లు ఎగిరినవాళ్లు కూడా చదవాల్సిందే. ‘నాకు నోటికి వచ్చు’ అంటే కుదరదు.

ఈ అలవాటు వెనక ఒక విషాదం ఉంది. 1935 అక్టోబరు 30న అమెరికాలో ఒక కొత్త విమానాన్ని పరీక్షించారు. అది నాలుగు ఇంజన్ల పెద్ద విమానం. దాన్ని నడిపినవాళ్లు ఆరితేరినవాళ్లు.

విమానం నిలిపి ఉన్నప్పుడు తోక పలకలు గాలికి కొట్టుకోకుండా బిగించి పెడతారు. తలుపుకు గడియ పెట్టినట్టు అన్నమాట. ఎగిరే ముందు ఆ గడియ తీయాలి. ఆ రోజు తీయడం మరిచిపోయారు. విమానం లేచింది. వెంటనే కూలింది. ఇద్దరు చనిపోయారు.

వాళ్లకు పని రాక కాదు. గుర్తు పెట్టుకోవాల్సినవి మరీ ఎక్కువై ఒకటి జారిపోయింది. ఆ తర్వాత పైలట్లు ఒక ఉపాయం చేశారు. చేయాల్సిన పనులన్నీ కాగితం మీద రాసుకున్నారు. చదువుతూ ఒక్కొక్కటే చేశారు. ఆ రకం విమానాలు తర్వాత 12 వేలకు పైగా తయారయ్యాయి. ఈనాడు ప్రపంచమంతటా పైలట్లు జాబితా చదివే విమానం లేపుతారు.

జాబితాలో ఒక పని చూడండి. రెక్కల కింద నుంచి కొంచెం పెట్రోలు గాజుగ్లాసు లాంటి దానిలోకి పడతారు. వెలుతురుకు ఎత్తి చూస్తారు. ఎందుకు? పెట్రోలులో నీళ్లు కలిస్తే ఇంజను ఆగిపోతుంది. నీళ్లు పెట్రోలు కంటే బరువు. అందుకే అడుగుకు చేరతాయి. గ్లాసులో విడిగా కనబడతాయి. నీళ్లు కనబడితే పారబోసి మళ్లీ పడతారు. శుభ్రంగా వచ్చేదాకా ఎగరరు.

ఎక్కేవాళ్లు ఏం చేయాలి?

నడిపేవాళ్లకే కాదు, ఎక్కేవాళ్లకు కూడా పని ఉంది.

పంకా వైపు పోకూడదు. తిరిగే పంకా కంటికి కనబడదు. ఇంజను పూర్తిగా ఆగి ఉన్నప్పుడే ఎక్కాలి, దిగాలి. రెక్క వెనక వైపు నుంచి రావాలి. పిల్లల చెయ్యి వదలకూడదు. నూర్పిడి యంత్రం దగ్గర కొంగు ఎలా దోపుకుంటామో ఇక్కడా అలాగే దోపుకోవాలి.

బెల్టు కట్టుకోవాలి. తలుపు లోపలి నుంచి ఎలా తీయాలో అడిగి తెలుసుకోవాలి.

అందులో మరుగుదొడ్డి ఉండదు. ముందే వెళ్లి రావాలి.

చెవులు దిబ్బడ వేస్తాయి. ఉమ్మి మింగినా, ఆవులించినా సర్దుకుంటుంది. జలుబు బాగా ఉన్న పిల్లలకు చెవి నొప్పి వస్తుంది. జలుబు తగ్గాక ఎక్కించడం మంచిది.

కడుపులో తిప్పితే వెంటనే చెప్పాలి. దాచుకోకూడదు. ఒక సంచి దగ్గర ఉంచుకోవాలి. దూరంగా ఉన్న కొండనో చెరువునో చూస్తూ ఉంటే కొంత నయం.

లేచేటప్పుడు, దిగేటప్పుడు పైలట్‌ను మాటల్లో పెట్టకూడదు. కానీ మరో విమానం కనబడితే మాత్రం వెంటనే వేలు పెట్టి చూపించాలి. ఆకాశంలో ఎన్ని కళ్లు చూస్తే అంత మంచిది.

ఒక రాత్రి జరిగింది

అమెరికాకు అధ్యక్షుడిగా పనిచేసిన కెనడీ పేరు చాలామంది విన్నారు. ఆయన కొడుకు జాన్ కెనడీ జూనియర్. 1998లో ఆయనకు విమానం నడిపే లైసెన్సు వచ్చింది. 1999 జులై 16న సొంత చిన్న విమానంలో బయల్దేరాడు. పక్కన భార్య, భార్య అక్క ఉన్నారు. మర్నాడు చుట్టాలింట్లో పెళ్లి.

విమానం లేచేసరికి పొద్దు గూకింది. దారి సముద్రం మీదుగా ఉంది. కింద దీపాలు లేవు. గాలిలో మసక కమ్మింది. నీళ్లు ఎక్కడో, ఆకాశం ఎక్కడో తెలియలేదు. విమానం సముద్రంలో పడింది. ముగ్గురూ చనిపోయారు.

ప్రభుత్వ సంస్థ దర్యాప్తు చేసింది. ఇంజను చెడిపోలేదని తేలింది. చీకటిలో, మసకలో పైలట్ దిక్కు తెలియక అదుపు తప్పాడని చెప్పింది.

ఇది ఎలా జరుగుతుంది? పిల్లలు కళ్లు మూసుకుని గిరగిరా తిరిగి ఆగుతారు. ఆగినా తిరుగుతున్నట్టే ఉంటుంది. మన ఒళ్లు మనకే అబద్ధం చెబుతుంది. మబ్బులో, చీకటిలో పైలట్‌కు కూడా అంతే. ఒక పక్కకు వాలిపోతున్నా తిన్నగా పోతున్నట్టే ఉంటుంది. అప్పుడు ఒంటిని నమ్మకుండా ముందున్న గడియారాల్లాంటి పరికరాలను చదివి నడపాలి. దానికి వేరే శిక్షణ, వేరే అర్హత ఉన్నాయి. ఆ అర్హత ఆయనకు ఇంకా రాలేదు.

‘ఇవాళ వద్దు’

కోడలి ఇంటికి మళ్లీ వద్దాం. ఆదివారం తెల్లవారింది. మనవడు అందరికంటే ముందు తయారయ్యాడు. అత్తగారు కొత్త చీర కట్టుకుంది. బుధవారమే ఆమె తిరుగు ప్రయాణం. విమానాశ్రయానికి వెళ్లారు. చూస్తే మసక. దూరంగా ఉన్న కొండ కనబడటం లేదు.

కోడలు వాతావరణం వివరాలు చదివింది. కొండ వైపు చాలాసేపు చూసింది.

“ఇవాళ వద్దు అత్తయ్యా” అంది.

మనవడు ఏడుపు మొదలుపెట్టాడు. “అమ్మ ఇంతదాకా వచ్చింది. మళ్లీ ఎప్పుడు వస్తుందో! పది నిమిషాలు తిప్పి తీసుకురా” అన్నాడు కొడుకు.

అప్పుడు అత్తగారు అంది: “ఊరుకోరా. నడిపేది అమ్మాయి. వద్దన్నది కూడా అమ్మాయే. ఆకాశం ఎక్కడికీ పోదు. మనం ఉంటే మళ్లీ చూడొచ్చు.”

ఆ మాటతో కోడలి గుండె తేలికపడింది.

చిన్న విమానం ప్రమాదాల్లో ఈ సంగతి మళ్లీ మళ్లీ కనబడుతుంది. ‘పిల్లలకు మాట ఇచ్చాం’, ‘చుట్టాలు ఎదురుచూస్తున్నారు’, ‘వెనక్కి తిరిగితే నామోషీ’ అని బయల్దేరతారు. పైలట్ల శిక్షణలో దీనికి ‘బయటి ఒత్తిడి’ అని పేరే పెట్టారు. ఇంజను గురించి నేర్పినట్టే దీని గురించి కూడా నేర్పుతారు.

ఆ ఒత్తిడి ఎక్కువగా ఇంటివాళ్ల నుంచే వస్తుంది. దాన్ని తగ్గించగలిగేది కూడా ఇంటివాళ్లే. ‘నీకు సరి అనిపించకపోతే మానేద్దాం’ అని ముందే చెప్పాలి. ఎక్కేవాళ్లకు భయం వేస్తే ‘నేను ఎక్కను’ అనాలి. అది పిరికితనం కాదు. పైలట్ భర్త అయినా, కొడుకు అయినా సరే. ఎక్కడం, ఎక్కకపోవడం ఎవరి ఇష్టం వారిది.

మన దేశంలో

మన దేశంలో కూడా ఆడవాళ్లు చాలా ఏళ్ల కిందటే విమానం నడిపారు. సరళా తక్రాల్ 1936లో లైసెన్సు పొందింది. లాహోరులో జిప్సీ మాత్ అనే చిన్న విమానంలో చీర కట్టుకుని ఎగిరింది. అప్పటికి ఆమెకు 21 ఏళ్లు. ఇంట్లో నాలుగేళ్ల కూతురు ఉంది.

సొంత సరదాకు విమానం నడిపే లైసెన్సు ఇప్పుడు మన దగ్గరా ఉంది. 17 ఏళ్లు నిండాలి. పదో తరగతి పాసవ్వాలి. కనీసం 40 గంటలు ఎగరాలి. ఖర్చు చాలా ఎక్కువ. కాబట్టి నేర్చుకునేవాళ్లు తక్కువ.

మనలో చాలామంది చిన్న విమానం ఎక్కకపోవచ్చు. కానీ ఆటో ఎక్కుతాం. పడవ ఎక్కుతాం. ట్రాక్టరు మీద పెళ్లికి పోతాం. ఎంతమంది ఎక్కారు? నడిపేవాడు తాగి ఉన్నాడా? వాన వచ్చేలా ఉందా? నది పొంగుతోందా? ఇవన్నీ అడగాల్సిన ప్రశ్నలే. అడిగితే ఎవరైనా నవ్వవచ్చు. నవ్వితే నవ్వనివ్వండి. ‘ఇవాళ వద్దు’ అనే మాట నేర్చుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు.

కొత్త మాటలు

పైలట్: విమానం నడిపే మనిషి
జాబితా: వరసగా రాసుకున్న పట్టీ
పరికరం: పనిముట్టు
దర్యాప్తు: ఏం జరిగిందో విచారించడం
ఒత్తిడి: మన మీద పడే బలవంతం

జవాబులు చెప్పండి

1. మిల్టన్ రైట్ తన కొడుకులను ఏమని అడిగాడు? ఎందుకు?
2. పెట్రోలులో నీళ్లు ఉన్నాయో లేదో ఎలా తెలుసుకుంటారు?
3. వెయ్యిసార్లు ఎగిరిన పైలట్ కూడా జాబితా ఎందుకు చదవాలి?
4. కోడలు ఆదివారం ఎందుకు ఎగరలేదు? మీరైతే ఏం చేసేవారు?

లెక్క చేయండి

ఒక విమానం హద్దు 1157 కిలోలు. ఖాళీ విమానం 765 కిలోలు. పెట్రోలు 108 కిలోలు. మనుషులు ముగ్గురు: 70 కిలోలు, 60 కిలోలు, 55 కిలోలు. సంచి 10 కిలోలు. మొత్తం ఎంత? హద్దు దాటిందా? ఇంకా ఎన్ని కిలోలు ఎక్కించవచ్చు?

అందరూ కలిసి మాట్లాడుకోండి

మీ ఊరి నుంచి సంతకు వెళ్లే ఆటోలో ఎంతమంది ఎక్కుతున్నారు? ఎంతమంది ఎక్కాలి? మీ కేంద్రంలో కూర్చుని ‘బండి ఎక్కే ముందు చూడాల్సినవి’ అని ఒక జాబితా రాయండి. పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. బయల్దేరే ముందు చదవండి.